రాక్షసిశబ్దము – నేటి వాడుక

భయము గొల్పు కల్పితప్రాణుల పేర్లు తెలుగున పెక్కు గలవు. దయ్యము, భూతము, పిశాచము, బూచి, రాకాసి మున్నగు వానికి నిఘంటువులలో అర్థము చూచుట సులభము. ఆ ప్రాణులను నమ్మువారు తగ్గిన కాలమునను ఆ పదములు తగ్గకుండుటకు హేతువు చెప్పుట అంత సులభము కాదు. దయ్యము దైవశబ్దభవము. ప్రాచీనకవులయందు దేవతకును విధికిని చెల్లిన ఆ మాట నేడు ప్రేతమునకే మిగిలినది. బూచి పసివారిని నిదురపుచ్చుచోట బ్రతికినది. నేడు ఒక పక్షమువారు దేనినో బూచిగా చూపుచున్నారని వేరొక పక్షమువారు సభలలో ఆక్షేపించుచున్నారు. భూతము అద్దముతో గూడి భూతద్దమైనది. వీనిలో రాక్షసిశబ్దము నడచిన త్రోవ తక్కినవానికంటె విలక్షణమని మా యభిప్రాయము. దానినే ఇచట విచారింతుము.

ఈ విచారణకు గార్ల పరిసరములు తగిన చోటు. 2016 వరకు ఖమ్మము జిల్లాలో నుండి, ఆ యేట మహబూబాబాదు జిల్లాలో చేరిన గార్లకు ఇల్లెందు చేరువ. 1871లో డాక్టర్ కింగ్ ఇల్లెందు ప్రాంతమున నేలబొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులు పొందెను. 1920లో సింగరేణి కంపెనీ ఏర్పడెను. ఈ బొగ్గునకు తెలుగువారు పెట్టుకొన్న పేరు రాక్షసిబొగ్గు.

ఈ సమాసమున రాక్షసి యనగా పెద్దది యని అర్థము చెప్పుట పరిపాటి. అది చాలదు. గనిబొగ్గు ముక్కలుగా వచ్చునదే కాని కట్టెబొగ్గుకంటె స్వభావముచేత పెద్దది కాదు. వేడిమి యెక్కువ గనుక ఆ పేరు వచ్చెననుట కొంత మేలు. కాని దానికంటె మూలమైన హేతువు వేరొకటి యున్నదని మాకు తోచుచున్నది. తెలుగువానికి బొగ్గనగా మనుష్యుడు కట్టె కాల్చి చేసికొన్నది. ఇచట భూగర్భమున, ఎవరును కాల్చని బొగ్గు పొరలు పొరలుగా దొరకినది. అది 25 కోట్ల యేండ్లకు పైబడిన వృక్షజాలపు శేషమని నేటి శాస్త్రము చెప్పును. ఆ యెఱుక లేని వాడు, పని కనబడి పనివాడు కనబడనపుడు, కర్తృస్థానమున రాక్షసిని నిలిపెను.

ఈ యూహకు బలము చేకూర్చు సాక్ష్యము ఇదే మండలమున మరొకటి గలదు. 2019లో భూపాలపల్లి జిల్లానుండి విడివడిన ములుగు జిల్లాలో, తాడ్వాయికి సమీపమున దామరవాయి యను గ్రామము గలదు. అచటి అడవిగుట్టపై పెద్ద పెద్ద రాతిపలకలతో గూళ్లవలె పేర్చిన ప్రాచీనసమాధులు కలవు. పురావస్తుశాస్త్రజ్ఞులు వానిని బృహచ్ఛిలాయుగమునకు చెందిన వనిరి. జనులు రాక్షసగుళ్లు అనిరి. అవి గుళ్లు కావు, రాక్షసులు కట్టినవియు కావు. అయినను ఆ పేరున అసత్యము లేదు. ‘ఎవరు కట్టిరో మేమెఱుగము’ అను ఒప్పుకోలు దానిలో నున్నది. భూపాలపల్లి జిల్లా రేగొండ చెంత ఆదిమచిత్రములు గల కొండలు పాండవులగుట్టలైనవి. కర్త తెలియని ప్రాచీనవస్తువులను జనులు ఒకచోట పాండవులకును ఒకచోట రాక్షసులకును పంచి యిచ్చినారు.

మూడవది రాక్షసిబల్లి. 1842లో రిచర్డు ఓవెన్ గ్రీకుపదములతో ‘భయంకరమైన బల్లి’ యను అర్థమున డైనోసారు నామమును కల్పించెను. తెలుగున భయంకరశబ్దము వాడవచ్చును. కాని నిలిచినది రాక్షసిశబ్దమే. గోదావరిలోయలోనే, పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి ప్రాంతమున దొరకిన ఎముకలకు 1988లో యాదగిరి కోటసారస్ అని పేరిడెను. ఆ కంకాళము నేడు హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున నిలిచియున్నది. ఎవరును కాల్చని బొగ్గు, ఎవరు కట్టిరో తెలియని గుడి, ఎవరును చూడని బల్లి: ఈ మూటియందును రాక్షసి భయమునకంటె మానవస్మృతికి ముందటి కాలమునకు గుర్తు.

ఇక నేటి పత్రికాభాషను చూతము. వరకట్నరక్కసి, మద్యపురక్కసి, కల్తీభూతము అను శీర్షికలు నిత్యము కనబడుచున్నవి. ఇవి శైలికి బలమిచ్చునని వ్రాయువారి తలంపు. కాని ఇచట శబ్దము చేయుపని తలక్రిందులైనది. ‘వరకట్నరక్కసికి నవవధువు బలి’ అను వాక్యమున చంపినదెవరు? భర్తయు అత్తవారును వాక్యమునుండి తప్పుకొనిరి. కర్తృస్థానమున ఊరు పేరు లేని రక్కసి చేరినది. 1961 నాటి వరకట్ననిషేధ చట్టము కట్నమిచ్చిన, పుచ్చుకొన్న మనుష్యులను శిక్షించును, రక్కసిని శిక్షింపలేదు. పైగా రక్కసి రూపముచేత స్త్రీవాచకము. స్త్రీకి జరిగిన కీడునకు వ్యాకరణమున మరల స్త్రీయే కర్త యగుచున్నది. మహమ్మారి మాట వేరు. 2020లో కరోనాకు ఆ పేరు చెల్లినపుడు, దాగవలసిన మనుష్యకర్త ఎవడును ఆ మాట చాటున లేడు.

దీనికంటె దారుణమైన వాడుక యొకటి గలదు. కారణము తెలియని రోగము వచ్చినపుడు చేతబడి, బాణామతి యని అనుమానించి, పొరుగువారిని కొట్టిన, చంపిన వార్తలు తెలంగాణమున ఈ శతాబ్దమునను వెలువడినవి. బొగ్గునకు కర్తను వెదకిన బుద్ధియే ఇచటను పనిచేయుచున్నది. భేద మొక్కటే: అచట ఖాళీస్థానమున కల్పితప్రాణి నిలిచినది, ఇచట సజీవ మనుష్యుని నిలిపినారు. రాతికి రాక్షసి పేరు పెట్టిన రాతికి నొప్పి లేదు. పొరుగింటి ముసలిదానికి అట్టి పేరు పెట్టిన ఆమె ప్రాణమునకే ముప్పు.

కావున ఈ పదములను మూఢవిశ్వాస శేషములని త్రోసిపుచ్చుట తగదు. అలంకారములని మెచ్చుకొనుటయు తగదు. ప్రతి ప్రయోగమునను కర్త నిజముగా తెలియనివాడా, తెలిసియు మరుగుపడినవాడా, అన్యాయముగా ఆరోపింపబడినవాడా యని విమర్శకుడు అడుగవలెను. రాక్షసిబొగ్గు, రాక్షసగుళ్లు, రాక్షసిబల్లి మన భాషకు సంపద. వానిని నిఘంటుకారులు స్థలనిర్దేశముతో చేర్చుకొనవలెను. వరకట్నరక్కసిని మాత్రము విడిచి, ఆ స్థానమున చేసినవాని పేరు వ్రాయుట భాషకును న్యాయమునకును మేలు.