కొండ ఎక్కని మొక్కు

శివరాత్రి దగ్గరపడిందంటే ఈ కాలమిస్టుకు నిద్ర కరువు. మైకుల మీద ఆయన కోపం పాత పాఠకులకు కొత్త కాదు. వినాయక చవితికి ఒకసారి, కార్తీకానికి ఒకసారి ఇక్కడే తిట్టిపోస్తుంటాడు. ఈ వారం పక్క వీధిలో కోటప్పకొండ ప్రభ కడుతున్నారు. వెదుళ్ళు ఇంకా బండి దిగనేలేదు, స్పీకర్లు మోగడం మొదలెట్టాయి.

ఆయన గొణుగుడుకు ఆధారం లేకపోలేదు. నరసరావుపేట దగ్గరి ఆ కొండమీద త్రికోటేశ్వరుణ్ణి దక్షిణామూర్తిగా కొలుస్తారు. నోరు మెదపకుండానే శిష్యుల సందేహాలు తీర్చిన గురువు. స్వామి బ్రహ్మచారి కనుక కల్యాణం కూడా చేయరు. అంతటి మౌనస్వామి కొండ కింద తెల్లవార్లూ సినిమా పాటలు, రికార్డింగ్ డాన్సులూనా! దేవుడికి మనసులో మాట చెప్పుకుందామని వెళ్ళినవాడికి తన మాట తనకే వినపడదు.

సాక్ష్యానికి ఆయన ఎప్పుడూ ఆ కొండ కథలోని గొల్లభామ ఆనందవల్లిని పిలుస్తాడు. రోజూ ఒంటరిగా రుద్రశిఖరం ఎక్కి అభిషేకం చేసేదట. కాకి వచ్చి నీళ్ళకుండ దొర్లిస్తే శపించిందట, అందుకే కొండమీద కాకి వాలదంటారు. మేళం లేదు, జనం లేరు, ఆమె, ఆమె దేవుడు. భక్తి అంటే అదీ అని ఈ కాలమ్‌లోనే చాలాసార్లు తీర్పిచ్చేశాడు.

ఆ తీర్పును ఓ మిర్చిరైతు తిరగేశాడు. 2021లో తామర పురుగు మిరప పూతలో చేరి చేలకు చేలు ఊడ్చేసిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. చెట్లు పీకి దున్నేసినవాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాతి శివరాత్రికి కొండ కింద కనిపించాడాయన. దర్శనం అయిందా అని కాలమిస్టు అలవాటుగా అడిగాడు.

“కొండెక్కలేదు మాష్టారూ. ప్రభ తాడు వదిలేసి యాడికి పోను?”

నష్టపోయిన ఏడాది ప్రభకు ఈ ఖర్చంతా ఎందుకంటే కాసేపు మాట్లాడలేదు. “గుళ్ళో నిలబడితే ఏం అడగాల? ఆయన మీద కోపం వచ్చిద్ది. తాడు పట్టుకుంటే ఏం అడగబళ్ళా.” కాలమిస్టు గొల్లభామను గుర్తుచేయబోతే నవ్వాడు. “ఆమె మాత్రం? కడుపుతో ఉన్నా, ఎక్కలేను, నువ్వే దిగిరా అనలా?”

నిజమే. కథలో రెండో సగం అదే. స్వామి ఆమె వెంట బయలుదేరాడు, వెనక్కి చూడొద్దన్నాడు, ఆమె చూసింది, బ్రహ్మశిఖరం మీద ఆగిపోయాడు. ఇప్పటి గుడి అక్కడే.

ఆ రాత్రి కాలమిస్టు మొదటిసారి ప్రభను కాకుండా తాళ్ళను చూశాడు. కొన్ని ప్రభలు ఎనభై తొంభై అడుగుల ఎత్తుంటాయి. వెదుళ్ళు కట్టి, రంగుబట్టలు చుట్టి, విద్యుద్దీపాలు అమర్చి, జనరేటరుతో వెలిగిస్తారు. ఒకప్పుడు ఎడ్లు లాగేవి, ఇప్పుడు ట్రాక్టరు. నాలుగు వైపులా తాళ్ళు పట్టినవాళ్ళు తలలెత్తి కొసనే చూస్తుంటారు. ప్రభ తూర్పుకు ఒరిగితే పడమటివాళ్ళు బిగించాలి, వీళ్ళు బిగిస్తుంటే వాళ్ళు వదలాలి. శివరాత్రి అంటే కాయకోతల కాలం. పగలంతా మిరపకాయలు కోసి మండుతున్న అరచేతులతోనే తాడు పట్టుకుంటారు. ఆ రైతు చేతులకు కొబ్బరినూనె రాసుకున్నాడు. తాడు జారుతుంటే మట్టి పులుముకుని మళ్ళీ పట్టాడు.

  

ఒంటరిగా కూర్చుంటేనే దేవుడితో సొంత లెక్క తేలుతుందన్న వాదన ఇక చెల్లదు. ఊరంతా పట్టిన తాడులో ఎవరి బరువు వారిదే, ఎవరి తగాదా వారిదే. అది పక్కవాడికి చెప్పక్కర్లేదు, ఒక్కోసారి దేవుడికీ చెప్పక్కర్లేదు.

ప్రభ ఎంతెత్తు కడతారో మీ ఇష్టం. కమిటీవాళ్ళకు ఈ కాలమ్ విన్నపం ఒక్కటే: ప్రభ కదిలేటప్పుడూ, కరెంటు తీగల దగ్గరా మైకు ఆపేయండి. స్వామి మౌనం కోసం కాదు, “వదులు”, “బిగించు” అన్న కేక అవతలి తాడువాడికి వినపడాలి.