వెర్షన్ నంబరు వెనక పనితనం

2014 సెప్టెంబర్ ఆఖరి వారంలో అమెజాన్ తన క్లౌడ్ ఖాతాదారుల్లో కొందరికి కబురు పెట్టింది: మీ సర్వర్లను రీబూట్ చేయబోతున్నాం. ఒకే సర్వర్‌ని పలు వర్చువల్ మెషీన్లకు పంచే జెన్ హైపర్‌వైజర్‌లో భద్రతా లోపం ఒకటి బయటపడిందని, వివరాలు అక్టోబర్ 1న తెలుస్తాయని చెప్పింది. అమెజాన్ క్లౌడ్ సేవ ఈసీ2లోని యంత్రాల్లో పది శాతంలోపే ఆ రీబూట్‌కి గురయ్యాయి. అయినా ఆ స్థాయిలో అదేమీ చిన్న సంగతి కాదు. తీరా చూస్తే తప్పు ఒక అంకెలో ఉంది. 256 దగ్గర ఆగాల్సిన హద్దు 1024 దాకా పోయింది. ఆ సందులోంచి ఒక వర్చువల్ మెషీన్ తనది కాని మెమరీలోకి తొంగిచూడగలదు. ఎక్స్‌ఎస్‌ఏ-108గా నమోదైన ఆ లోపానికి మందు ఆ అంకెను సరిచేయడమే.

మూలంలో అంకె మార్చడం ఒక ఎత్తు. నడుస్తున్న సర్వర్లలో దేన్నీ చెడగొట్టకుండా ఆ మార్పును చేరవేయడం ఇంకో ఎత్తు. అమెజాన్‌కి ఆ పని చేసుకోవడానికి సొంత ఇంజనీర్లున్నారు. డెబియన్ వంటి ఓపెన్ సోర్స్ డిస్ట్రిబ్యూషన్ మీద ఆధారపడిన చిన్న హోస్టింగ్ కంపెనీకి, విశ్వవిద్యాలయానికి, ఇంట్లో సర్వర్ పెట్టుకున్న వ్యక్తికి ఆ పని చేసిపెట్టేది ప్యాకేజీ మెయింటెయినర్లు.

జెన్ పుట్టింది కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయపు కంప్యూటర్ లేబొరేటరీలో. 2003లో బయటికొచ్చింది. వర్చువలైజేషన్‌కి ప్రాసెసర్లలోనే సాయం ఇంకా రాని రోజులవి. 2013 నుంచి ప్రాజెక్టు లైనక్స్ ఫౌండేషన్ నీడలో ఉంది. కంప్యూటర్ ఆన్ కాగానే హార్డ్‌వేర్ మీద నేరుగా కూర్చునేది జెన్. లైనక్స్ దాని పైన నడుస్తుంది. పెత్తనమున్న ఆ మొదటి లైనక్స్‌ని డామ్-జీరో అంటారు. మిగతా అతిథి యంత్రాలను పుట్టించడం, ఆపడం, ఇంకో సర్వర్‌కి తరలించడం అన్నీ అక్కడినుంచే, ఎక్స్‌ఎల్ అనే కమాండ్‌తో జరుగుతాయి.

మెయింటెయినర్లకు మొదటి చిక్కు ఇక్కడే ఉంది. హైపర్‌వైజర్‌కీ, దాన్ని నడిపే ఉపకరణాలకీ మధ్య జరిగే సంభాషణ ప్రతి వెర్షన్‌కీ మారిపోవచ్చు. 4.17 ఉపకరణాలకు 4.14 హైపర్‌వైజర్‌తో మాట కలవదు. డెబియన్ 11 నుంచి 12కి అప్‌గ్రేడ్ చేస్తున్న అడ్మిన్ పరిస్థితి ఊహించండి. కొత్త ప్యాకేజీలు డిస్క్‌లోకి దిగిపోయాయి. రీబూట్ అయ్యేదాకా మెమరీలో నడుస్తున్నది మాత్రం పాత 4.14. పాత ఉపకరణాలు చెరిగిపోతే రీబూట్‌కి ముందు అతిథి యంత్రాలను పద్ధతిగా షట్‌డౌన్ చేయడానికి కూడా దారి ఉండదు.

అందుకే డెబియన్‌లో వెర్షన్ నంబరును ప్యాకేజీ పేరులోనే కలిపేశారు. జెన్-యుటిల్స్-4.14, జెన్-యుటిల్స్-4.17 రెండు వేర్వేరు ప్యాకేజీలు. ఒకే యంత్రంలో పక్కపక్కనే ఉండగలవు. అడ్మిన్ కొట్టే ఎక్స్‌ఎల్ కమాండ్ నిజానికి ఒక చిన్న స్క్రిప్ట్. అది ముందు ప్రస్తుతం నడుస్తున్న హైపర్‌వైజర్ వెర్షన్ ఏమిటని కెర్నెల్‌ని అడుగుతుంది, దానికి సరిపోయే ఉపకరణాన్ని వెతికి పని అప్పగిస్తుంది. పాత వంతెన మీద బళ్ళు తిరుగుతుండగానే పక్కన కొత్తది కట్టి, ఆనక దారి మళ్ళించడం లాంటి ఏర్పాటు ఇది. కొత్త జెన్ బూట్ కాకపోతే? పాతది ఇంకా డిస్క్‌లోనే ఉంటుంది, బూట్ అయ్యేటప్పుడు కనిపించే గ్రబ్ మెనూలో ఎంచుకుంటే చాలు.

రెండో పనితనం తక్కువ ముట్టుకోవడంలో ఉంది. అప్‌స్ట్రీమ్ కోడ్ మీద, అంటే జెన్ ప్రాజెక్టు ఇచ్చే అసలు కోడ్ మీద, డెబియన్ వేసే ప్యాచ్‌లు వరసగా ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. ప్రతిదానికీ అది ఎందుకో చెప్పే నాలుగు ముక్కలు పైన రాసి ఉంటాయి. వాటిలో ఒకటి బూట్ లాగ్‌లో డెబియన్ ప్యాకేజీ వెర్షన్‌ని చూపిస్తుంది. బగ్ రిపోర్ట్ చదివేవాళ్ళకు ఆ ఒక్క పంక్తి ఎంతో ఆదా. కంపైల్ చేసిన తేదీ, యంత్రం పేరు వంటివి బైనరీలో చేరకుండా చూసే ప్యాచ్‌లూ ఉన్నాయి. అప్పుడే ఎవరు ఎక్కడ బిల్డ్ చేసినా బిట్ తేడా లేకుండా అదే ఫైల్ వస్తుంది, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదని సరిచూసుకోవచ్చు.

అతిథి యంత్రాలకు పరికరాలను అనుకరించి చూపే క్యూఈఎంయూ విషయంలోనూ ఇదే జాగ్రత్త. 2015 మేలో వెనమ్ అనే లోపం బయటపడింది. అది ఉన్నది ఫ్లాపీ డ్రైవ్‌ను అనుకరించే కోడ్‌లో, ఫ్లాపీలు మూలపడిన కాలంలో! ఆ కోడ్ క్యూఈఎంయూలో ఉంది. దాన్ని అరువు తెచ్చుకున్న వర్చువల్‌బాక్స్‌లోనూ ఉంది, జెన్‌లోనూ ఉంది. ఒకే తప్పుకి డెబియన్ విడివిడిగా హెచ్చరికలు విడుదల చేయాల్సి వచ్చింది. జెన్ ప్యాకేజీ ఇప్పుడు సొంత నకలు పెట్టుకోకుండా డెబియన్‌లోని క్యూఈఎంయూ ప్యాకేజీనే వాడుకుంటోంది. ఒకచోట దిద్దితే సరిపోతుంది.

ఇక భద్రతా సవరణల సంగతి. జెన్ ప్రాజెక్టు లోపాల వివరాలను బయటపెట్టే ముందు, గోప్యత పాటిస్తామన్న సంస్థలకు సాధారణంగా రెండు వారాల ముందే చెబుతుంది. ఆ సంస్థల జాబితాలో డెబియన్ కూడా ఉంది. ప్రకటనకు మామూలుగా పెట్టే సమయం యూటీసీ మధ్యాహ్నం 12 గంటలు, మన గడియారంలో సాయంత్రం 5:30.

స్థిర విడుదలలో కొత్త వెర్షన్ తేకూడదు, దిద్దుబాటు మాత్రమే తేవాలన్నది డెబియన్ నియమం. కానీ హైపర్‌వైజర్ వంటి లోతైన కోడ్‌లో ఒక్కో ప్యాచ్‌ని ఏరి అతికిస్తే అప్‌స్ట్రీమ్ ఎన్నడూ పరీక్షించని కొత్త కలగలుపు తయారవుతుంది. అందుకని డెబియన్‌లో జెన్‌ని చూసుకునే బృందం సాధారణంగా జెన్ వాళ్ళ స్థిర శాఖనే అనుసరిస్తుంది. వెర్షన్ నంబరులో అది కనిపిస్తుంది. డెబియన్ 12లో వచ్చిన 4.17.3+10 అనే ప్యాకేజీనే తీసుకుంటే, 4.17.3 విడుదల మీద మరో పది మార్పులు చేరాయన్నమాట. ఆ వెంటనే గిట్ కమిట్ గుర్తు, చివర టిల్డే గుర్తుతో డెబియన్ 12 ముద్ర. డెబియన్ వరసలో టిల్డే ఉన్నది లేనిదానికంటే చిన్నది. రేపు తర్వాతి విడుదలకు మారినప్పుడు అక్కడి ప్యాకేజీ పెద్దదిగా లెక్కకొచ్చి అప్‌గ్రేడ్ సాఫీగా సాగుతుంది.

జెన్, డెబియన్ అనే ఈ రెండు లోకాల మధ్య రాకపోకలున్నవాళ్ళలో ఇయాన్ జాక్సన్ ఒకరు. డెబియన్ పునాది ఉపకరణమైన డీపీకేజీకి తొలి రచయితల్లో ఆయన పేరుంది. 1998లో డెబియన్ ప్రాజెక్టుకి నాయకుడు. తర్వాత జెన్ ఉపకరణాల మీద, డెబియన్‌లోని జెన్ ప్యాకేజీ మీద పనిచేశారు.

పనితనంతో దాటలేనిది కాలం. జెన్ వెర్షన్ 4.11 వచ్చింది 2018 జులైలో, మూడేళ్ళకు దాని భద్రతా మద్దతు అయిపోయింది. దాన్ని మోసుకున్న డెబియన్ 10 మాత్రం అప్పటికింకా బతికే ఉంది. 2021లో డెబియన్ భద్రతా బృందం దాచకుండా చెప్పేసింది: డెబియన్ 10లోని జెన్‌కి ఇక సవరణలు రావు, 11కి మారండి. ఆ 11లోని 4.14 కూడా విడుదల నాటికే ఏడాది పాతది. డెబియన్ 12 నాటికి లెక్క కాస్త మెరుగైంది. 2022 డిసెంబర్‌లో వచ్చిన 4.17ని 2023 జూన్ విడుదలలో పెట్టడంతో అప్‌స్ట్రీమ్ మద్దతు రెండున్నరేళ్ళు మిగిలింది. ఇక డెబియన్ 13 సంగతి: జెన్ 4.20 వచ్చిందీ, కొత్త మార్పులకు తలుపులు మూసే డెబియన్ ఫ్రీజ్ మొదలైందీ 2025 మార్చిలోనే. ఆగస్టులో డెబియన్ 13 విడుదలైనప్పుడు అందులో ఉన్నది 4.20. కొత్త వెర్షన్‌ని ఆ ఇరుకులో చేర్చినందుకు దక్కిన ఫలితం, సర్వర్లు నడిపేవాళ్ళకు మరిన్ని నెలల భద్రతా సవరణలు.