అమ్మవారా, ఆటబొమ్మా?

ఈ వారం నా ఫోను నిండా ఒకటే ఫొటో: ఒమన్‌లో దొరికిన ‘రెండు వేల ఏళ్ల నాటి హిందూ దేవత’. పాత ఆడబొమ్మ కనబడితే చాలు, అమ్మవారని పేరు పెట్టేస్తారన్న నా గొణుగుడు మీకు కొత్త కాదు.

బొమ్మ నిజమైనదే. ధోఫార్ తీరాన ఖోర్ రోరీలో, సాంబ్రాణి వ్యాపారం కోసం హద్రమౌత్ రాజులు కట్టిన సుమ్హురమ్ రేవుపట్నంలో, 1950లలో వెండెల్ ఫిలిప్స్ బృందం తవ్వకాల్లో బయటపడింది. చిన్న కంచు బొమ్మ, అచ్చం మన సాలభంజిక. ఆ రాజ్యం కొలిచిన దేవుడు మాత్రం సిన్.

ఎక్కడ పడి ఉంది, దేనితో చేశారు, ఎలా అరిగింది అని చూడకుండా పాత ఆడబొమ్మలన్నిటినీ తల్లిదేవత ఖాతాలో వేయడమేమిటని పురావస్తు పండితుడు పీటర్ ఉకో 1960లలోనే నిలదీశాడు. ఒమన్‌లోనే ఆదామ్ దగ్గర ముధ్మార్‌లో ఇనుప యుగం నాటి కంచు విల్లంబులు, అమ్ములపొదులు దొరికాయి. తోలుతో కుట్టాల్సిన పొది కూడా కంచుదే, అదీ బుల్లిది! యుద్ధానికి పనికిరావు కాబట్టి మొక్కుబడులే అయ్యుండాలి. ఆ దేశంలోనే సలూత్‌లోనైతే పాము బొమ్మలు. మనిషి రూపం లేకపోయినా అక్కడ కొలుపు కనబడుతోంది.

ఇంతవరకూ వచ్చాక మా అమ్మమ్మ అడ్డం పడింది. సంక్రాంతి కొలువులో ఆవిడ పై మెట్టు మీద రాముణ్ణి, కింద కొండపల్లి కల్లుగీత కార్మికుణ్ణి, పింగాణీ కుక్కను, మా చెల్లి ప్లాస్టిక్ పాపను కూర్చోబెట్టేది. సాయంత్రం పేరంటాళ్లు రాగానే హారతి అందరికీ కలిపే. అప్పుడు కుక్కను ముట్టుకున్నా చెయ్యి మీద దెబ్బ పడేది. పండగ వెళ్లగానే పాప చెల్లి చేతికి, మిగతావి పాత చీరలో చుట్టి ట్రంకుపెట్టెలోకి. ఆ కుక్కను ఏ వర్గంలో వేస్తారు? పెట్టెలో దొరికితే ఒక లెక్క, మెట్టు మీద దొరికితే మరో లెక్క.

సుమ్హురమ్‌లో తమిళ బ్రాహ్మిలో పేరు చెక్కిన కుండపెంకు కూడా దొరికింది. అంటే మనవైపు మనుషులు అక్కడ మసలారు. వాళ్లలో ఎవరో ఈ కంచు పిల్లను సామానులో తెచ్చుకుని, పొద్దుగూకాక కాస్త సాంబ్రాణి వేశారేమో; ఆ ఊళ్లో దానికి కరువా! అమ్మేసి డబ్బు చేసుకున్నారేమో కూడా. దేవత కాదని వాదిద్దామని కూర్చున్నవాణ్ణి, ఇప్పుడు ఆ మాట అనలేను. ఏ గదిలో, ఏ పొరలో దొరికిందో చెప్పని ఫార్వర్డును మాత్రం నమ్మలేను.

ఒమన్‌లో సలాలా వైపు వెళితే సుమ్హురమ్ గోడలు చూసి రండి. బొమ్మ కోసం అక్కడ వెతక్కండి, అది వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ల దగ్గరుంది.