పీకో మిషన్‌లో కరువు

ధర్మవరం పట్టుచీర మగ్గం దిగగానే కట్టుకోవడానికి సిద్ధం కాదు. కింది అంచుకు ఫాల్ వేయాలి, కొంగు చివర పీకో కొట్టాలి. 2022లో శ్రీసత్యసాయి జిల్లాలో చేరిన ఆ ఊళ్లోనైనా, అనంతపురం బజార్లోనైనా చీరల కొట్ల పక్కనే ‘ఫాల్, పీకో’ బోర్డు కనిపించడం మామూలే.

సూది అటూ ఇటూ ఊగితేనే పీకో పడుతుంది. తిన్నగా కుట్టే పాత నల్ల తొక్కుడు మిషన్‌కు ఆ విద్య రాదు. అయితే దాని లోపల అంతా ఇనుమే. నూనె చుక్క పడుతూ ఉంటే అమ్మమ్మ మిషన్ మనవరాలి దాకా నడుస్తుంది. పీకో కొట్టే జిగ్‌జాగ్ మిషన్ల సంగతి వేరు. 1960ల నుంచి సింగర్ లాంటి పెద్ద కంపెనీలు ఇంటి మిషన్లలో కొన్ని గేర్లను ప్లాస్టిక్‌తో చేయడం మొదలుపెట్టాయి. చప్పుడు తక్కువ, ఖర్చూ తక్కువ. కానీ దశాబ్దాలు గడిచేసరికి ఆ గేర్లు పసుపెక్కి, పెళుసెక్కి, పగుళ్లిచ్చాయి. స్విట్జర్లాండ్‌లో తయారైన బెర్నినా 830 రికార్డ్ ఎంత పేరున్న మిషనో, సూదిని అటూ ఇటూ ఊపే దాని క్యామ్ గేరు పగలడమూ మెకానిక్కుల్లో అంతే పేరున్న జబ్బు.

కారణం కొంత ఆ గేర్లకు వాడే నైలాన్ అనే ప్లాస్టిక్ స్వభావంలోనే ఉంది. అది గాలిలోని తేమను పీల్చుకుని గట్టిదనంతో పాటు కాస్త సాగే గుణాన్నీ నిలుపుకుంటుంది. తేమ పోతే రవ్వంత కుంచించుకుంటుంది, పెళుసవుతుంది. గేరు నడుమనున్న ఇనుప ఇరుసు మాత్రం కుంచించుకోదు. బిగుతు పెరిగి పెరిగి ఒకరోజు గేరు నిలువునా చీలుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం లాంటి మెట్టనేలలో ఎండాకాలపు గాలి నైలాన్‌కు అచ్చిరాదు. దానికి తోడు దుమ్ము. నూనెలో కలిసిన సన్నటి ఇసుక గేరు పళ్లను గరుకు కాగితంలా అరగదీస్తుంది.

జబ్బును చేత్తోనే పట్టుకోవచ్చు. కరెంటు తీసేసి, దారం లాగేసి, చక్రాన్ని మెల్లగా తిప్పాలి. ప్రతి చుట్టులోనూ ఒకే చోట ‘టక్’మని తగిలితే పన్ను విరిగిందనో, గేరు చీలిందనో అనుమానించాలి. చక్రం మొత్తంగా బరువుగా తిరుగుతుంటే మాత్రం తొందరపడి గేరు కొనకూడదు. చాలాసార్లు తప్పు పాత గ్రీజుది. అది ఎండి మైనంలా బిగుసుకుపోతుంది. అగ్గిపుల్ల మొనతో పంటి సందుల్లోంచి దాన్ని గీకి, కిరసనాయిలు అద్దిన గుడ్డతో తుడిచి, బాగా ఆరాక కొత్త గ్రీజు పలచగా పూయాలి. థిన్నర్ జోలికి పోవద్దు, కొన్ని ప్లాస్టిక్కులను అది తినేస్తుంది.

చీలిన గేరును అంటించి నడపాలనుకోవడం వృథా ప్రయాస. మార్చాల్సిందే. విప్పేముందు గేరు, ఇరుసు ఏ స్థితిలో ఉన్నాయో గుర్తులు గీసుకుని, ఫోటో తీసుకోవాలి. పాత ముక్కలు పారేయకూడదు: పళ్ల లెక్క, అవి ఎటు వాలాయి, నడిమి రంధ్రం ఎంత, ఈ మూడూ సరిపోతేనే కొత్తది పనికొస్తుంది. బిగుతుగా దిగాల్సిన గేరును సుత్తితో కొడితే అక్కడే పగులుతుంది. కాసేపు వేడినీళ్లలో ఉంచితే రంధ్రం కొద్దిగా విచ్చుకుని, నొక్కగానే ఇరుసు మీదికి జారుతుంది.

లేత్ మీద ఇత్తడి గేరు చేయించుకుంటే శాశ్వతంగా పీడ వదులుతుంది కదా అని కొందరి వాదన. వినడానికి బాగానే ఉంది. కానీ దారం చిక్కుకుని మిషన్ బిగిసినప్పుడు మొదట విరిగేది చవకైన ప్లాస్టిక్ గేరు కావడమే మేలు. దాన్ని లోహంగా మారిస్తే ఆ దెబ్బ దాని జంట గేరుకో, ఇరుసుకో తగులుతుంది. అవి దొరకడం ఇంకా కష్టం.

గేరు ఎక్కించాక అసలు ఓపిక టైమింగ్ దగ్గర కావాలి. సూది అట్టడుగుకు వెళ్లి, పైకి లేవడం మొదలుపెట్టగానే కింద తిరిగే హుక్ మొన సూది కన్నుకు కొంచెం పైగా దాటుతూ దారాన్ని అందుకోవాలి. అది ఎడమ ఊపులోనూ, కుడి ఊపులోనూ జరగాలి. ఒకవైపు కుట్టు పడి మరోవైపు తప్పుతుంటే టైమింగ్ ఇంకా కుదరలేదన్నమాట. క్యామ్ గేరు మార్చినప్పుడు ఇంకో పరీక్ష ఉంది. సూది గుడ్డలోంచి పూర్తిగా బయటికి వచ్చాకే పక్కకు కదలాలి. ముందే కదిలితే సూది వంగుతుంది, పట్టు చిరుగుతుంది. అందుకే మోటారు తగిలించే ముందు చేత్తో తిప్పుతూ, పాత జాకెట్టు ముక్క మీద నాలుగు వేళ్ల మేర కుట్టి చూడాలి. పట్టుచీర ఆ తర్వాతే.