చివరి లైన్లో పడేసిన లెక్క

పేపర్ డెస్క్‌లో ఏడవడానికి తీరిక ఉండదు. 2003 ఫిబ్రవరి 1, శనివారం. మన టైం ప్రకారం రాత్రి 7.46కి ఫ్లోరిడాలో దిగాల్సిన కొలంబియా షటిల్ దిగలేదు. టీవీలో టెక్సస్ ఆకాశం మీద ఒక తెల్లటి చార కాస్తా మూడు నాలుగుగా చీలుతోంది. అందులో ఉన్న కల్పనా చావ్లా క్షేమంగా తిరిగొచ్చినట్టు ముందే కట్టి ఉంచిన బాక్సు తీసేసి, ఫస్ట్ పేజీ మళ్లీ పెట్టాం. రాలిన తార అని తలా ఒక రకంగా హెడ్డింగ్ రాశాం. ఎవరిదీ కొత్తగా లేదు.

నాకు దుఃఖం కన్నా కోపం ఎక్కువ. అదీ ఆగస్టులో విచారణ బోర్డు నివేదిక వచ్చాక.

జనవరి 16న షటిల్ పైకి లేచిన 82వ సెకనులో, బయటి ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్క అంచును కొట్టింది. ప్రమాదానికి మూలం ఆ దెబ్బే. ముక్క బరువు కిలో లోపే. మర్నాడే వీడియోలో చూశారు. రెక్కను ఫొటోలు తీయించమని ఇంజనీర్లు అడిగితే పైఅధికారులు ఒప్పుకోలేదు. అంతరిక్షంలో ఉన్న కమాండర్‌కు, పైలట్‌కు మాత్రం కంగారు పడాల్సిందేమీ లేదని మెయిల్ వెళ్లింది.

ఆ దెబ్బ గురించి ఇంజనీర్లు పైఅధికారులకు చూపిన జనవరి 24 నాటి స్లైడ్లలో ఒకదాన్ని ఆ నివేదిక విడిగా చూపించింది. దాన్ని విప్పి చెప్పినవాడు సమాచార డిజైన్ నిపుణుడు ఎడ్వర్డ్ టఫ్టీ. హెడ్డింగ్ చదివితే ధైర్యం వస్తుంది: పాత పరీక్షల లెక్కలు జాగ్రత్త వైపే మొగ్గాయట. దాని కింద చుక్కలు, చుక్కల కింద గీతలు, అక్షరాలేమో చిన్నవైపోతూ... అట్టడుగు లైన్లో అసలు సంగతి. పరీక్షలో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, ఇక్కడ తగిలిందేమో 1,920 అని అంచనా. అంటే 640 రెట్లు. ఆ 640 స్లైడ్ మీద లేదు. చూసేవాడే భాగించుకోవాలి!

బస్సు ప్రమాదం వార్తను మంత్రిగారి సంతాపంతో మొదలుపెట్టి, ఎంతమంది పోయారో ఆఖరి పేరాలో రాసుకొచ్చిన ట్రైనీని మా ఇన్‌చార్జి వదిలేవాడు కాదు. ఆ కాపీ కూడా ఈ స్లైడ్ లాంటిదే. రాసింది అబద్ధం కాదు, పెట్టిన చోటే తప్పు.

స్లైడ్ హెడ్డింగ్ మారితే షటిల్‌లోని ఏడుగురూ బతికేవారని నేననను. మరో షటిల్ అట్లాంటిస్‌ను పంపి కాపాడే వీలుండేదా అని బోర్డు కూడా లెక్కలు వేయించింది. బాగా కష్టమే గానీ అసాధ్యం కాదని తేలింది. అయితే కాపాడాలన్న ఆలోచన రావాలన్నా ముందు ప్రమాదముందని తెలియాలి కదా. జులైలో శాన్ ఆంటోనియోలో అలాంటి ఫోమ్ ముక్కనే షటిల్ రెక్క ప్యానెల్ మీదికి పేల్చి చూస్తే అడుగుకు పైగా చిల్లు పడింది.

హైదరాబాద్‌లోనో హ్యూస్టన్‌లోనో కూర్చుని పైవాళ్లకు స్లైడ్లు కట్టే మన పిల్లలు ఎందరో. బాబూ, అమ్మా, మీ బాసుకు నచ్చని అంకె ఏదో అదే హెడ్డింగ్‌లో పెట్టండి. ధైర్యం చెప్పే మాటలుంటే కింద చిన్నక్షరాల్లో వేసుకోండి.