గిడుగువారి సవర బడులు

నరసన్నపేటనుండి శ్రీముఖలింగేశ్వరుని దర్శనమునకు పోవువారు పలువురు కలరు. ఆ క్షేత్రమునకు చేరువను, వంశధార యొడ్డున, పర్వతాలపేట యను పల్లె యున్నది. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863వ సంవత్సరమున జన్మించినది అచ్చటనే. వాడుకభాషకై వాదించిన పండితునిగా ఆయనను మనము కొనియాడుదుము. ఆయన సవర బిడ్డలకు సొంత ధనముతో బడులు పెట్టిన సంగతిని మాత్రము జీవితచరిత్రలలో ఒక వాక్యముగా చదివి దాటిపోవుచున్నాము. బీదబిడ్డల విద్యకై నేడు జరుగుచున్న ధర్మకార్యములను తూచుటకు ఆ వాక్యమే తగిన త్రాసని మా యభిప్రాయము.

ధర్మసంఘముల సభ యెట్లుండునో చదువరు లెరుగుదురు. వేదికపై పూలదండలు, ఛాయాచిత్రములు. క్రింద పిల్లల చేతులలో సంచులు, పలకలు. పుస్తకము కొనలేని యింటికి పుస్తకము చేరుట మేలే. దానిని తక్కువచేయుట మా యుద్దేశము కాదు. కాని ఎన్ని సంచులు పంచిరో తెలుపు లెక్క నివేదికలలో దొరకునంత సులభముగా, ఎందరు పిల్లలు తడబడక ఒక పుట చదువనేర్చిరో తెలుపు లెక్క దొరకదు. దాత యిచ్చినదానిని కొలుచుచున్నాము. బిడ్డకు అబ్బినదానిని కొలుచుట లేదు.

పంతులుగారి మార్గము వేరు. 1880లో ఆయన పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతముపై ఉపాధ్యాయుడుగా ప్రవేశించెను. చుట్టుపట్ల కొండలలోని సవరల మాట ఆయన చెవిని పడెను. తెలుగు వచ్చిన సవర యొకనిని తన యింటనే యుంచుకొని ఆ భాష నేర్చెను. మన్యపు జ్వరమునకు వాడిన క్వినైను మూలమున వినికిడి పోగొట్టుకొనియు పని విడువలేదు. సవరభాషలో వాచకములు వ్రాసి, బడులు తెరచి, ఉపాధ్యాయుల జీతములు తానే యిచ్చెను. ఆ కృషి 1931లో వ్యాకరణముగను, 1938లో నిఘంటువుగను పండినది.

ఇందు గమనింపదగినది క్రమము. ముందు గురువు బిడ్డవద్ద నేర్చెను. పిమ్మట పుస్తకము పుట్టెను. పుస్తకము వెంట బడి వచ్చెను. మనము సాధారణముగా ముందు కట్టడము కట్టి, పుస్తకము కొని, చివర బిడ్డను వెదకుచుందుము. అక్షరమును క్రొత్తదై, మాటయు క్రొత్తదైనచో బిడ్డ చిలుకవలె వల్లించును గాని గ్రహింపడు. అప్పుడు వానిని మందమతి యందురు. గిడుగువారు ఆ తప్పును బిడ్డనుండి తీసి పుస్తకముపై పెట్టిరి. సాహిత్యవిమర్శకులు బాలవాచకమును గ్రంథముగా నెన్నరు. కాని వ్రాతయే లేని భాషకు వ్రాసిన తొలివాచకముకంటె కష్టమైన రచన యేది? గ్రాంథికమున వ్రాయు మాబోటివారికిని ఇది తగులు మాటయే.

అయినను ఆ మార్గమునకును లోపము కలదు. ఒక్కని జీతముపై ఆధారపడిన బడి ఎంతకాలము నిలుచును? మరియు, పగలెల్ల పసులకాపరియై తిరుగు బిడ్డకు వాని భాషలోని వాచకముండియు చదువుటకు వేళ ఏది? ఈ రెండవ ప్రశ్నకు తెలుగునాటనే వేరొకచోట సమాధానము దొరకినది. శాంతా సిన్హాగారి నాయకత్వమున మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషనువారు 1990 దశకమున రంగారెడ్డి జిల్లాలో, పనిచేయు పిల్లలను పనినుండి తప్పించి, వసతిశిబిరములలో చేర్చి, వయసుకు తగిన తరగతి నందుకొనువరకు చదివించి, సర్కారు బడికి పంపసాగిరి. పగలు పని, రాత్రి బడి యను రాజీని వారు అంగీకరింపలేదు. సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము లభించినది. తాము శాశ్వతముగా బడి నడుపుటకంటె అందరి బడికి బిడ్డను చేర్చుటయే ధర్మసంస్థ పనియని ఈ కార్యము తెలుపుచున్నది.

గిడుగువారి యోర్పును ఈ పట్టుదలయు కలిసినగాని కార్యము పూర్తికాదు. 2010 ఏప్రిలు 1నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్లవరకు గల బిడ్డలకు ఉచితనిర్బంధవిద్య విధించినది. బోధన మాతృభాషలో నుండవలెననియు చెప్పినది. కాని 'సాధ్యమైనంతవరకు' అను మాట చేర్చినది. అలసిన అధికారికి ఆ మాట నీడయిచ్చును. ఏది సాధ్యమో, ఒక బడిపంతులు తన జీతముతో నూరేండ్లకు పూర్వమే చూపియుండెను.

కావున నరసన్నపేటలో గాని మరి యేయూర గాని చందాపుస్తకముతో మీ గుమ్మమునకు వచ్చినవారిని మూడు సంగతు లడుగుడు. నిరుడు చదువలేని యే బిడ్డ నేడు చదువుచున్నది? ఆ బిడ్డతో మీ బడి యే మాటలో మాటాడుచున్నది? మా చందా నిలిచిన నాడు ఆ బిడ్డ యెచ్చట నుండును? సమాధానము చెప్పగలవారికి సంతోషముగా ఇండు.

నాల్గవ ప్రశ్న మనల మనమే వేసికొనవలసినది. ఆ గుమ్మములోనే అంట్లు తోముచున్న చిన్నపిల్ల యున్నచో, ఆమెకు బడి యెప్పుడు? పదునాలుగేండ్లలోపు బిడ్డలచే ఇండ్లలో పని చేయించుటను 2006లోనే నిషేధించిరి. చందా వ్రాయుటకు ముందు ఆ పిల్లను బడికి పంపుడు.