నెగటివు అంచుల సాక్ష్యం

ఛాయాచిత్రాన్ని విమర్శించేవారు సాధారణంగా చిత్రం మధ్యభాగం నుంచి ఆరంభిస్తారు. ముఖం, భంగిమ, వెలుగునీడల కూర్పు వారి చర్చకు విషయాలు. చరిత్ర విద్యార్థి అలవాటు వేరు. తామ్రశాసనం చేతికి వచ్చినప్పుడు అక్షరాలు చదవడానికి ముందే అతడు రేకు అంచులను, ఉంగరాన్ని, ముద్రికను పరీక్షిస్తాడు. పాత నెగటివులపై కనిపించే వెలుగు మరకల విషయంలో మన కళావిమర్శకు ఈ రెండవ అలవాటు అవసరం. స్టూడియోలవారు లైట్ లీక్ అని పిలిచే ఈ దోషాన్ని కొందరు కాలం వేసిన ముద్రగా మెచ్చుకొంటున్నారు. మరికొందరు కంప్యూటరుపై తుడిచివేస్తున్నారు. ఈ రెండింటికీ ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ వెలుగు ఏ దారిన వచ్చింది?

మీడియం ఫార్మాట్ కెమెరాలలో ఈ ప్రశ్నకు ప్రాధాన్యం ఎక్కువ. 1901లో కోడక్ సంస్థ తన బ్రౌనీ కెమెరాకోసం ప్రవేశపెట్టిన 120 ఫిల్మే నేటికీ వీటిలో వాడుకలో ఉంది. సుమారు 6 సెంటీమీటర్ల వెడల్పు గల ఈ ఫిల్ముకు లోహపు డబ్బా ఉండదు. వెనుకనున్న కాగితమూ, చుట్ట బిగువూ మాత్రమే దానికి రక్షణ. హోమాయి వ్యారావాలా చేతిలోని రోలీఫ్లెక్సు మొదలు చిన్న పట్టణాల స్టూడియోలలోని యాషికా వరకు, మధ్యతరగతి ఇళ్లకు చేరిన ఆగ్ఫా క్లిక్-3 వరకు, స్వతంత్ర భారతపు దృశ్యచరిత్రలో గణనీయమైన భాగం ఈ ఫిల్ముపైనే నమోదైంది.

పరీక్షకు మొదటి ఆధారం నెగటివు అంచు. కెమెరాలో ఫిల్ముకు ముందు ఒక చట్రం ఉంటుంది. లెన్సు నుంచి వచ్చే వెలుగు ఆ చట్రం పరిధిలోనే పడుతుంది. దాని వెలుపలి అంచుకు వెలుగు సోకదు. కాబట్టి మరక చట్రపు గీత వద్ద ఆగిపోతే వెలుగు ముందువైపు నుంచి వచ్చిందని భావించాలి. షట్టరునో, హార్మోనియం తిత్తివలె ముడుచుకొనే బెలోస్ మడతల్లో పడిన సూదిబెజ్జాన్నో అప్పుడు అనుమానించవచ్చు. మరక గీతను దాటి అంచులోకి పాకితే దోషం వెనుక తలుపులోనో, ఫిల్ము మ్యాగజీనులోనో, చుట్టలోనో ఉంటుంది. ముందువైపు వెలుగులో కూడా భేదం గమనించాలి. సూర్యునికి ఎదురుగా తీసినప్పుడు లెన్సులో చెదిరే వెలుగు దృశ్యాన్ని బట్టి మారుతుంది. చిల్లు గుండా వచ్చే వెలుగు దృశ్యంతో నిమిత్తం లేకుండా చిత్రం తరువాత చిత్రంలో ఇంచుమించు ఒకేచోట కనిపిస్తుంది. ఫిల్ముపై బొమ్మ తలక్రిందులుగా పడుతుందన్న సంగతీ మరువరాదు. అచ్చువేసిన చిత్రంలో ఆకాశం మీద తెల్లగా పరచుకొన్న మరకకు కారణాన్ని సాధారణంగా కెమెరా అడుగువైపు వెతకాలి.

రెండవ ఆధారం కాలక్రమం. కెమెరాలో ఎక్కించక ముందు చుట్టలో పైపొరన ఉండేవి తొలి చిత్రాలు పడవలసిన భాగాలు. తీయడం పూర్తయిన తరువాత పైపొరన ఉండేవి చివరి చిత్రాలు. అంచుల నుంచి లోనికి నాలుకలు చాచిన మసక తొలి చిత్రాలలో దట్టంగా ఉండి క్రమంగా పలుచబడితే, ఫిల్ము ఎక్కించకముందే ఎండ తగిలిందన్నమాట. చివరి చిత్రాలలో దట్టమైతే, బయటికి తీసిన తరువాత చుట్ట వదులై వెలుగు సోకిందన్నమాట. ముక్కలుగా కోసి, కవర్లలో కలగాపులగమైన నెగటివుల వరుసను నిర్ణయించడానికి కూడా ఈ మసక సాయపడుతుంది.

సాక్ష్యాన్ని తొందరపడి నమ్మరాదన్న హెచ్చరిక ఇక్కడా వర్తిస్తుంది. పాత కెమెరాల వెనుక చిత్రాల సంఖ్య చూసుకొనే ఎర్ర కిటికీ ఉండేది. ఎరుపును గ్రహించని పాత ఫిల్ముకు దానివల్ల హాని లేదు. అన్ని రంగులనూ గ్రహించే పాన్‌క్రొమాటిక్ ఫిల్ము వాడుకలోకి వచ్చిన తరువాత అది వెలుగు చొరబడే దారి అయింది. అయినా చిత్రంపై కాగితపు అంకెలు కనిపించగానే కిటికీని నిందించకూడదు. వేడిలో, తేమలో చాలాకాలం నిలవ ఉన్న ఫిల్ముపై కాగితపు సిరా ప్రభావం వల్ల కూడా అవే అంకెలు దిగవచ్చు. మొదటిది కెమెరా చరిత్ర, రెండవది నిలవ చరిత్ర.

మరక సౌందర్యాన్ని కాదనడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. నాన్సీ రెక్స్‌రోత్ చవకరకం డయానా కెమెరాతో తీసిన చిత్రాలను 1977లో ‘అయోవా’ పేర గ్రంథంగా వెలువరించినప్పుడు, ఆ పరికరపు లోపాలనే జ్ఞాపకానికి తగిన భాషగా మలచుకొన్నారు. 1982లో హాంకాంగులో పుట్టిన హోల్గా కెమెరాకు కూడా అటువంటి ఆదరణే లభించింది. వారి మరకలకు కారణం ఉంది, కెమెరా శరీరంలో దానికొక చోటుంది. 2009లో వచ్చిన హిప్‌స్టామాటిక్ వంటి ఫోను ప్రోగ్రాములు అద్దే నారింజ మరకకు అటువంటి చోటు లేదు. అది పాతదనాన్ని సూచించే అలంకారం మాత్రమే. దీనికి అలవాటుపడిన కన్ను నిజమైన మరకను కూడా అలంకారంగానే చూడడం ఆందోళన కలిగించే పరిణామం.

అంచు ఎంతటి చర్చకు దారితీయగలదో చెప్పడానికి 35 మిల్లీమీటర్ల ఫిల్ము నుంచి ఒక ఉదాహరణ చాలు. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో రాబర్ట్ కాపా తీసిన చిత్రాలలో అధికభాగం ప్రయోగశాలలో వేడికి కరిగిపోయాయన్న కథనం దశాబ్దాలపాటు ప్రచారంలో ఉంది. 2014 నుంచి ఎ. డి. కోల్‌మన్, ఆయన సహచరులు దానిని సవాలు చేశారు. బొమ్మ ఫిల్ము అంచు రంధ్రాలలోకి పాకడానికి కారణం ఎమల్షను జారడం కాదనీ, ఫిల్ము డబ్బా కెమెరాలో సరిగా అమరకపోవడమనీ వాదించారు. అంచులను కత్తిరించి ఉంటే ఈ వాదానికి ఆధారమే ఉండేది కాదు.

నెగటివులను కంప్యూటరుకెక్కించే పనిలో ఉన్న మన భాండాగారాలకు ఇది నేరుగా సంబంధించిన విషయం. చిత్రం మేరకే కత్తిరించి, మరకలు తుడిచి భద్రపరచిన ప్రతి చూపులకు శుభ్రంగా ఉంటుంది. కాని అది ప్రశ్నలకు బదులివ్వదు. నెగటివును అంచు నుంచి అంచు వరకు, చుట్టలోని వరుస చెడకుండా, ఏ సవరణా లేకుండా ఒకసారి నమోదు చేయాలి. సవరించిన ప్రతి ప్రదర్శనకూ ముద్రణకూ వేరుగా ఉండవచ్చు. టెండరు షరతులలో ఈ ఒక్క వాక్యం చేర్చడానికి పెద్ద వ్యయం అక్కరలేదు. దానిని విస్మరిస్తే, అసలు ఫిల్ము శిథిలమైన తరువాత మన చేతిలో మిగిలేది ఎవరో శుభ్రపరచి ఇచ్చిన గతమే.